పాతయింటి బేరము



నేటి ప్రసంగమునకు విషయము పాతయింటి క్రయవిక్రయము. అందును, వెల కుదిరిన పిమ్మట మేస్త్రీ వచ్చి చూచి "ఈ యింటికి మరమ్మతులు చాల గలవు" అని చెప్పినప్పుడు ఉభయపక్షములవారును ఎట్లు నడుచుకొనవలయునో దానిని గుఱించి ముఖ్యముగా చెప్పదలచితిని. ఇట్టి తగవులు న్యాయస్థానముల కెక్కుటకు ముందు గ్రామపెద్దల యరుగుల మీదికే వచ్చును. మీలో పలువురు అట్టి యరుగుల మీద మధ్యవర్తులై కూర్చున్నవారే. మీరెఱిగిన సంగతులే కొన్ని నా నోట మరల వినవలసి వచ్చినచో విసుగుకొనక ఆలకింప వేడుచున్నాను.

మన రైతు ఎద్దును కొనునప్పుడు చేయు పరీక్ష మీరెఱుగనిది కాదు. పండ్లు చూచును, గిట్టలు తడవును, సుడులు లెక్కించును, నాలుగడుగులు నడిపించి, కాడి మెడమీద వైచి, బరువు లాగించి చూచును. కొన్ని యేండ్లు పనిచేయు పశువునకే యిన్ని పరీక్షలు గలవు. కొడుకులకు మనుమలకు నిలువవలసిన యిల్లు కొనునప్పుడో? వాకిలి ఏ దిక్కున కున్నది, నుయ్యి ఏ మూల నున్నది, వీధిపోటు గలదా లేదా అని విచారింతుము. వాస్తు చూచుటకు నలుగురు వత్తురు. వాసము చూచుటకు ఒక్కడును రాడు. నేను వాస్తుశాస్త్రమును నిరసించువాడను గాను. నా గురువుగారి యొద్ద అదియు కొంత చదివితిని. కాని ఈశాన్యము పల్లముగా నున్నదని చెదలు దూలమును విడిచిపెట్టవు గదా! ఆపైని మంచిదినము దాటిపోవునని తొందరపడి బయానా యిచ్చివేయుదుము. మేస్త్రీని పిలుచుట యంతయు నైన తరువాతనే. అప్పటికి ఒకరి సొమ్ము చిక్కుకొని యుండును. ఒకరి మాట చిక్కుకొని యుండును.

మన పూర్వులు ఈ విషయమున ఏమరియుండలేదు. వ్యవహారపదములలో క్రీతానుశయ మని యొకటి గలదు. అనగా కొన్న పిమ్మట కలుగు పశ్చాత్తాపము. కొనువాడు వస్తువును ముందు తాను పరీక్షించి, ఇతరులకును చూపి, అటుపిమ్మట పుచ్చుకొనవలయు ననియు, అట్లు పరీక్షించి సమ్మతించిన దానిని మరల త్రిప్పి యీయరా దనియు నారదస్మృతి చెప్పుచున్నది. ఇది కొనువానికి హెచ్చరిక. అమ్మువానికి హెచ్చరిక యాజ్ఞవల్క్యస్మృతిలో నున్నది. దోషము గల వస్తువును దోషము లేనిదానివలె నమ్మినవానికి వెలకు రెండింతలు దండుగ. ఆ మాట అంగడిసరకులను గుఱించి చెప్పినదే యైనను, అందలి న్యాయము ఇంటికిని చెల్లును. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాయగా, 13వ శతాబ్దమున కేతన దానిని తెలుగు పద్యములలోనికి దెచ్చెను. కనుక ఈ ధర్మము తెలుగువానికి ఏడువందల యేండ్లుగా స్వభాషలో దొరకుచునే యున్నది.

ఇక కౌటిల్యుని యర్థశాస్త్రమున ఇల్లు వాకిళ్లు అమ్ముటకు వేఱుగ నొక ప్రకరణమే కలదు. 1909లో మైసూరున శామశాస్త్రిగారు అచ్చువేయించిన పిమ్మట గదా ఆ గ్రంథము లోకమునకు మరల దొరకినది! కొనుటకు ముందు జ్ఞాతులకు, పిమ్మట ఇరుగుపొరుగువారికి, ఆపైని అప్పిచ్చినవారికి హక్కు. వీరి పిమ్మటనే బయటివారు. ఇంటి ముంగిట పొరుగున నున్న నలుబది కుటుంబములవారి యెదుట అమ్మకము చాటింపవలయు నట. నలుబది యిండ్లవారు వినుచుండగా అమ్మువాడు దూలము సంగతి దాచుట కష్టము. ఆ నలుబదిమందిలో నెవడో యొకడు ఆ దూల మెత్తిన నాడు చేయివేసినవాడే యగును!

నేటి చట్టమును చూతము. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ఇట్లు విధించుచున్నది: వేఱు ఒప్పందము లేనియెడల, అమ్మువాడు ఆస్తియందలి ముఖ్యమైన లోపమును కొనువానికి తెలియజేయవలయును. కాని యే లోపమును? తనకు తెలిసియుండి, కొనువానికి తెలియక, సాధారణమైన జాగ్రత్తతో చూచినను కొనువానికి కనబడని లోపమును. అట్టిదానిని చెప్పకుండుట మోసమే యని చట్టము స్పష్టముగా బలుకుచున్నది. పగిలిన పెంకును చూడక కొనినవాడు పిమ్మట మొఱపెట్టుకొనిన లాభము లేదు. తెలిసిన చెదపుట్టను సున్నము క్రింద దాచినవాడు తప్పించుకొనుటకు వీలు లేదు. ఇరువురికిని తెలియని లోప మున్నదే, అదియే కష్టమైనది. అచ్చట చట్టము అమ్మువానిని పట్టుకొనదు. ధర్మజ్ఞులైన మధ్యవర్తులు తమ బుద్ధి నుపయోగింపవలసినది అచ్చటనే.

ఇంగ్లండులో ఇల్లు కొనదలచినవాడు ముందుగా సర్వేయరు నొకని నియమించి ఇంటిని పరీక్ష చేయించుట ఆచారము. మనకు సర్వే యనగా గొలుసు పట్టి భూమి కొలుచుట. వారికి ఇంటి దేహపరీక్షకును అదే పేరు. ఒప్పందపు పత్రములు ఒకరి నుండి ఒకరికి మారువఱకు అచ్చట మాటకు కట్టుబాటు లేదు గావున, పరీక్ష ముగిసిన పిమ్మట వెలను గుఱించి మరల మాటలాడుకొనుట వారికి సామాన్యము. ఎవరును దానిని మాట తప్పుట యనుకొనరు. మనదేశమున బ్యాంకు ఋణము తీసికొనువారి యింటికి బ్యాంకు తరపున విలువకట్టువాడు వచ్చును. ఆయన వచ్చి చూచెను గదా యని కొందఱు ధైర్యము చెందుదురు. ఆయన చూచునది బ్యాంకువారి యప్పు మునుగునా తేలునా యని. మీ నెత్తిపై దూలము పడునా పడదా యని కాదు.

ఇక నేనెఱిగిన యొక బేరమును చెప్పెదను. 2022వ సంవత్సరపు వేసవిలో దివిసీమ ప్రాంతమున నొక గ్రామమున జరిగినది. పేర్లు చెప్పను, ఉభయులును జీవించియున్నవారు.

ఇల్లు మండువా లోగిలి. 1964లో కట్టినది. తాటిదూలములు, టేకు స్తంభములు, మంగుళూరు పెంకు. 1988లో పెరటివైపున సిమెంటు శ్లాబుతో గది యొకటి చేర్చిరి. స్థలము 5 సెంట్లు, అనగా 242 చదరపు గజములు. అమ్ముచున్నది అఱువదియేండ్ల విధవరాలు. ఇల్లు ఆమె మామగారు కట్టించినది. భర్త వైద్యమునకు చేసిన యప్పు 6 లక్షలు తీర్చి, మిగిలిన దానిని బ్యాంకులో వేసికొని, కుమార్తె యున్న యూరికి బోయి, అల్లుని చేతిక్రింద గాక తన వడ్డీతో తాను బ్రదుకవలయు నని యామె సంకల్పము. కొనువాడు రైసుమిల్లులో గుమాస్తా. నా యొద్ద చదువుకొన్నవాడు. తండ్రి యిచ్చిన అర్ధయెకరము అమ్మి, భార్య మెడలోని గొలుసులు కూడ అమ్మి, 18 లక్షల 50 వేలు ప్రోగుచేసెను. రిజిస్ట్రేషను ఖర్చు అందులోనే కావలయును.

ఆమె 18 లక్షలు చెప్పెను. పెంకు కారుచున్నదనియు, గోడల పూత రాలినదనియు చూపి అతడు తగ్గించుకొనుచు వచ్చి, 16 లక్షల 50 వేలకు కుదుర్చుకొనెను. ఆ వీధిలో గజము 5,000 రూపాయలు పలుకుచుండెను. ఆ లెక్కను నేల వెల 12,10,000. ఇంటికి పడినది 4,40,000. ఈ విభజన అప్పు డెవరును చేయలేదు, కాని చేసికొనుట మిక్కిలి యవసరము. ఎందుకో ముందు తెలియగలదు. బయానా లక్షరూపాయలు బ్యాంకు ద్వారా ఇచ్చెను. అది మంచిపని. ఇరువదివేలు గాని అంతకు మించి గాని నగదు రూపమున బయానా పుచ్చుకొనుటను ఆదాయపు పన్ను చట్టము 2015 నుండి నిషేధించినది.

పది దినములకు అతడు మేస్త్రీ నొకని దీసికొనిపోయి చూపెను. మేస్త్రీ యొక జాబితా వ్రాసియిచ్చెను. నడిమి దూలమును, దాని కిరుప్రక్కల నున్న దూలములను తీసి టేకువి వేయుటకు 1,20,000. కప్పంతయు క్రొత్త పెంకు పఱచుటకు 85,000. పెరటిగది శ్లాబు పగులగొట్టి మరల పోయుటకు 1,10,000. పూత, వెల్ల 45,000. మొత్తము 3,60,000. ఆ కాగితము చేతబట్టుకొని రాత్రివేళ మా యింటికి వచ్చి, "మాస్టారూ, నేను మునిగిపోతిని. 3,60,000 తగ్గించిన కొందును, లేదా నా బయానా నాకు ఇప్పింపుడు" అనెను. అతని వెనుక భార్య నిలుచుండెను. ఆమె యేమియు మాటలాడలేదు. చేయి బోసిమెడను తడవుచుండెను.

మఱునా డామె తమ్ముడు వచ్చెను. "చూచియే గదా కొనెను? ఇప్పుడు వలదన్న బయానా దక్కదు" అని యతని వాదము. ఆమె కోపము వేఱు. "అన్నయ్యగారూ, 1977 తుపానున ఈ వీధిలో నిలిచిన కప్పు మా యింటిదొక్కటే యని మా అత్తగారు చెప్పెడివారు. ముప్పదిమంది ఆ రాత్రి దాని క్రిందనే తలదాచుకొనిరట. దానిని పుచ్చిన యిల్లని వీరు చెప్పుచున్నారు" అని కన్నీరు పెట్టుకొనెను. ఆ యేడు నవంబరు 19వ తేది ఉప్పెనను ఎఱిగినవారికి ఆ మాట యెంత బరువైనదో చెప్పనక్కఱలేదు.

ఇట్టిచోట మధ్యవర్తి మొదట చేయవలసిన పని వెలను గుఱించి మాటలాడనీయకుండుట. లోపములేవో తెలియకుండ వెల మాటలాడుట జ్వరమేదో తెలియకుండ మందు కలుపుటవంటిది. మేస్త్రీ మాట అబద్ధమని కాదు. అయినను మరమ్మతు చేయబోవువాడే మరమ్మతు ఖర్చు చెప్పినప్పుడు రెండవవాని నడుగుట లోకరీతి. పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి విశ్రాంతి గైకొన్న ఇంజనీరు ఒకాయన పొరుగూర గలడు. ఆయనను పిలుతమనియు, ఆయనకిచ్చు ప్రతిఫలము ఉభయులును చెరిసగము భరింపవలయు ననియు, ఆయన చూచునప్పుడు ఇరువురును దగ్గఱ నుండవలయు ననియు చెప్పితిని. ఒకరు పిలిచినవాడు ఆ యొకరి మనిషి యనిపించుకొనును. ఇరువురి సొమ్ము తిన్నవాడు ఇరువురి మనిషి.

ఆయన పరీక్షచేసిన తీరు మీకు విపులముగా చెప్పెదను, ఏలయన అది యెవరైనను నేర్వదగినది. మిట్టమధ్యాహ్నము వచ్చెను. తలుపులన్నియు మూయించి, చీకటిలో నిలుచుండి కప్పువంక చూచెను. పెంకులో సందున్నచోట నెల్ల నక్షత్రమువలె వెలుగు కనబడును. ఇరువదిమూడు చోట్ల కనబడినది. పిమ్మట దూలములు. దూలము నడుమ ఎప్పుడును ముందుగా చెడదట. గోడలో దూరిన కొనయే చెడును. అచ్చట గాలియాడదు, గోడ చెమ్మ పీల్చుచుండును, చెదలు గోడవెంట మట్టిగొట్టములు కట్టుకొని పైకెక్కి అచ్చటనే చొరబడును. ఒక కఱ్ఱతో కొట్టుచు చెవియొగ్గి వినెను. చేవగల తాటిదూలము ఖంగున మ్రోగును. తొలిచినది డొల్లమాట చెప్పును. అనుమానము కలిగినచోట దబ్బనము గ్రుచ్చిచూచెను. మూడు దూలములలో రెండు నిక్కముగా నున్నవి. నడిమిదూలపు పడమటి కొనకు మాత్రము రంగు వేసిన పలక యొకటి తొడిగియుండెను. దానిని ఊడదీయించెను. లోపల రెండడుగుల మేర చెదమన్ను.

అందఱును ఆమెవంక చూచిరి. దానిని గుఱించి పిమ్మట చెప్పెదను.

పెరటిగదిలో అటకమీది సామాను దింపించి, చిన్న సుత్తితో శ్లాబును తట్టెను. ఒక మూల ఆఱడుగుల పొడవున, నాలుగడుగుల వెడల్పున బోలుగా మ్రోగినది. ఉప్పుగాలి తగులుచోట, చెమ్మ లోనికి దిగినచోట, శ్లాబులోని యినుపకమ్మి త్రుప్పు పట్టును. త్రుప్పు పట్టిన యినుము ఉబ్బును. ఉబ్బి పైనున్న సిమెంటును పెచ్చులుగా నెట్టివేయును. తక్కిన శ్లాబు గట్టిగనే యున్నది. గోడల పూత రాలుటకు కారణము గూడ చెప్పెను. పాత సున్నపుగోడకు ఇటీవల సిమెంటు పూత పూసిరి. సున్నము గోడను ఊపిరి తీయనిచ్చును. సిమెంటు చెమ్మను లోపలనే బంధించును. ఆ చెమ్మ మోకాలియెత్తున ఉప్పుగా పెల్లుబికి పూతను రాల్చినది.

ఉత్తరపు గోడలో కిటికీమూల నుండి నేలవఱకు ఏటవాలుగా నొక పగులు గలదు. అది కొనువానికి మొదటినుండియు కనబడినదే. పగులులోపల సాలెగూళ్లు, పాతవెల్ల యున్న చోట పగులు పాతది. అంచులు పదునుగా తెల్లగా నున్నచోట క్రొత్తది. ఇచ్చట పైభాగము పాతది, క్రిందిభాగము క్రొత్తదివలె నున్నది. నల్లరేగడినేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొనును గావున ఇట్టి పగుళ్లు ఆ సీమలో సామాన్యమే కాని, ఒక్క మూలనే యేల వచ్చినదో తనకు తెలియలే దనియు, వానకాలము గడిచిన గాని నిశ్చయింపలే ననియు ఆయన చెప్పెను. తెలియనిదానిని తెలియదని చెప్పిన పండితుని మాట తక్కినవానిలో నమ్మదగినది. ఆయన లెక్క ఇది: దూలపు కొన కోసి, అతుకువేసి, క్రింద స్తంభము నిలుపుటకు 38,000. పగిలిన పెంకులు మార్చుటకు 18,000. శ్లాబు మూల పెచ్చులు తీసి, కమ్ములు శుభ్రపఱచి, మరల పూడ్చుటకు 32,000. పూతకు 22,000. మొత్తము 1,10,000. ఉత్తరపు మూల పునాది బలపఱుపవలసి వచ్చినచో అది వేఱుగ 30,000 లోపల.

3,60,000 ఎక్కడ, 1,10,000 ఎక్కడ! మేస్త్రీ చెప్పినది పాతవస్తువునకు బదులు క్రొత్తవస్తువు వేయు ఖర్చు; ఇంజనీరు చెప్పినది పాతవస్తువును నిలుపు ఖర్చు. రెండును ఖర్చులే. కాని అమ్మువారు భరింపదగినది రెండవది. నేను నా శిష్యుని ప్రక్కకు పిలిచి, "నాయనా, నేల వెల పోగా నీవు ఇంటికి ఇచ్చునది 4,40,000. అందు 3,60,000 తగ్గింపు మనుచున్నావు. అనగా 80,000 రూపాయలకు మండువా లోగిలి, దానిపైని క్రొత్తకప్పు, క్రొత్తశ్లాబు నీకు వచ్చును. ఆమెకు అప్పు పోను మిగులునది 10,50,000. అందులో మూడింట నొకపాలు నీ కప్పుమీదికి ఎక్కును. ఇది అడుగదగినదేనా?" అంటిని. అతడు లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడు. కొంతసేపు నేలచూపు చూచి, "అంత దూరము ఆలోచింపలేదు మాస్టారూ. భయమువలన అడిగితిని" అనెను.

సాయంకాలము అరుగుమీద కూర్చుంటిమి. పలక మాట వచ్చెను. ఆమె తమ్ముడు నోరు తెఱువబోగా, ఆమెయే, "ఆ పలక మావారు 2018లో కొట్టించినది. చెదలు కనబడినవని మందు కొట్టించి, చూచుటకు బాగుండదని దానిని తొడిగించిరి. అంతటితో పోయినవనుకొంటిని. చెప్పవలె నని తోచలేదు" అనెను. కొంచెమాగి, "మఱియొక మాట యున్నది. ఆ ఉత్తరపు మూల" అనబోయెను. తమ్ముడు, "అక్కా, అడుగని మాట మనకేల?" అని వారించెను. ఆమె వినలేదు. "ఆ మూలకు వెలుపల పూర్వము నుయ్యి యుండెడిది. నేను కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఉప్పునీరు పడినదని పూడ్పించిరి. ఆ మూల యేల క్రుంగినదో మీ ఇంజనీరు గారికి తెలియలేదట. దానివలననే యేమో" అనెను.

ఆ మాట చెప్పుటవలన ఆమెకు నష్టమే గాని లాభము లేదు. చెప్పకున్నను ఎవరికిని తెలియదు. వెంటనే ఆ గుమాస్తా లేచి, "పిన్నిగారూ, ఇక నేను బయానా మాట యెత్తను. ఇల్లు మీయొద్దనే కొందును. ఎంత తగ్గింపవలయునో మాస్టారు చెప్పనిండు" అనెను. ఏబదియేండ్లుగా నేను సభలలో ధర్మశాస్త్రమును గుఱించి మాటలాడుచు వచ్చితిని. అది యింత త్వరగా పనిచేయుట చూచుట అరుదు.

మేము చేసిన పరిష్కారమును చెప్పెదను. పెంకు, పూత బేరమాడినప్పుడే కనబడినవి. వానిని చూపియే అతడు 18 లక్షలను 16,50,000 చేసికొనెను. ఒకే లోపమునకు రెండుమారులు తగ్గింపు లేదు. అవి కొనువానివి. దూలపు కొన ఆమెకు తెలిసినది, అతనికి కనబడనిది. 38,000 పూర్తిగా ఆమె భరించును. శ్లాబు మూల ఇరువురికిని తెలియనిది. చట్టమును బట్టి చూచిన అది కొనువాని యదృష్టము. కాని, ఉభయుల యజ్ఞానమునకు ఒక్కరినే దండించుట నాకు న్యాయముగ దోచలేదు. చెరి 16,000 అంటిని. ఆమె తమ్ముడు గొణిగెను గాని ఆమె యొప్పుకొనెను. మొత్తము తగ్గింపు 54,000. వెల 15,96,000 అయ్యెను.

ఉత్తరపు గోడ నేమి చేయుట? వెలలో 30,000 నిలుపుదల చేసితిమి. పగులుకు అడ్డముగా మూడుచోట్ల సన్నని గాజుబద్దలు సిమెంటుతో అతికించి, ప్రక్కన తేదీ వ్రాయించితిమి. గోడ కదలినచో గాజు వంగజాలదు, విఱుగును. కార్తీకపూర్ణిమనాడు, అనగా 2022 నవంబరు 8వ తేదిని, అందఱును చూచి, బద్దలు నిలిచియున్న 30,000 ఆమెకు ఇచ్చుటయు, విఱిగిన పునాదిపనికి కావలసినంత పోను మిగిలినది ఇచ్చుటయు నని నిర్ణయము. "రిజిస్ట్రేషను అయిన పిమ్మట ఇతడు ఈయకపోయిన నాకేమి దిక్కు?" అని యామె యడుగుట సహజమే. ఆ 55వ సెక్షనులోనే, స్వామ్యము మారిన పిమ్మట చెల్లింపక మిగిలిన వెలకై అమ్మినవారికి ఆ యింటిమీదనే హక్కుండునని గలదు. ఆ నిలుపుదల సంగతి క్రయదస్తావేజులోనే వ్రాయించితిమి.

వ్రాత విషయమున కొన్ని మాటలు చెప్పి ముగించెదను. నూఱురూపాయలు మొదలుకొని యెంతవెల గల స్థిరాస్తియైనను రిజిస్టరు దస్తావేజు లేనిదే అమ్మకము కాదు; బయానాపత్రము వలన ఇంటిమీద స్వామ్యము రాదు. వెల మారినప్పుడు పాత బయానాపత్రము మీదనే దిద్దుట మంచిది కాదు. క్రొత్తది వ్రాసి, లోపముల జాబితాను, ఎవరు దేనిని భరింతురో దానిని, అందులో జేర్చి ఇరువురును సంతకము చేయవలయును. ఇంజనీరు కాగితము రెండు ప్రతులు తీయించితిమి. ఒకటి ఆమెకు, ఒకటి అతనికి. దస్తావేజులో నిజమైన వెలనే వ్రాయవలయును. వెల తగ్గిన స్టాంపు ఖర్చు కూడ తప్పక తగ్గునని కొందఱు తలంతురు. ప్రభుత్వము నిర్ణయించిన మార్కెట్టు విలువ, వ్రాసిన వెల, ఈ రెంటిలో నేది యెక్కువో దానిమీదనే సుంకము పడును. ఈ సంగతి ముందుగా సబ్‌రిజిస్ట్రారు కచేరీలో విచారించుకొనవలయును. "ఉన్నది ఉన్నట్లుగా అమ్మితిని" అని వ్రాయించుకొన్నచో ఇక భయములేదని అమ్మువారు కొందఱు నమ్ముదురు; తెలిసి దాచిన దోషమునకు ఆ మాట కవచము కాజాలదు. పట్టణములలో క్రొత్తగా కట్టిన మేడలలో ఇల్లు కొనువారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము వేఱు రక్షణ కల్పించినది. అచ్చట స్వాధీనపఱచిన అయిదేండ్లలోపల కట్టడపు లోపము బయటపడి తెలియజేసినచో, ముప్పది దినములలో ఖర్చు పుచ్చుకొనక కట్టినవాడే సరిచేయవలయును. మన పాతయిండ్లకు అది వర్తింపదు. గ్రామకంఠపు ఇండ్ల హక్కుపత్రముల సంగతి వేఱొక ప్రసంగమునకు చాలునంత యున్నది.

కార్తీకపూర్ణిమనాడు ఇంజనీరును, నేనును, ఆమె తమ్ముడును పోయి చూచితిమి. పై రెండు బద్దలును నిలిచియున్నవి. క్రిందిది సన్నగా చిట్లినది. పూడ్చిన నూతివైపు పునాది త్రవ్వించి, రాతికట్టు వేయించుటకు 21,000 అయినది. మిగిలిన 9,000 ఆ వారముననే ఆమె ఖాతాకు జమయైనది. చెదతిన్న రెండడుగుల ముక్క పోగా మిగిలిన దూలము నేటికిని అచ్చటనే యున్నది. పడమటి కొన క్రింద నిలిపిన స్తంభమునకు ఆ గుమాస్తా చిన్నకూతురు తన యెత్తు గీతలు గీచుకొనుచున్నది.